నెత్తురు తాగే మొక్క, ముగ్గురు గాయనులు

చౌకబారు సినిమా ఒకటి సంగీత నాటకంగా మారి, ఆ నాటకంలోని పాటలు రికార్డుగా వస్తే, దాన్ని గురించి సాహిత్య విమర్శ పత్రికలో చర్చించవలసినంత విషయం ఏముంటుందని కొందరు మిత్రులు అనుకోవచ్చు. వస్తువు చూస్తే మరీ విడ్డూరం. మనిషి నెత్తురు తాగి పెరిగే మొక్క, దాన్ని సాకే పూలకొట్టు కుర్రవాడు. ఇంతకు మించిన పలాయనవాదం ఉండదని తేల్చి పక్కన పెట్టడం తేలిక. అలా పక్కన పెట్టవలసిన సరుకు చాలా ఉంది కూడా. కాని 1982లో అమెరికాలో గెఫెన్ రికార్డ్స్ సంస్థ విడుదల చేసిన "లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్" రికార్డును ఆ కుప్పలో కలపడానికి నేను ఒప్పుకోను. పేదవాడు తన పేదరికం నుంచి బయటపడటానికి ఎవరిని బలిపెడతాడు, ఆ బలి తినేది ఎవరు అన్న ప్రశ్నను ఈ రికార్డు నవ్విస్తూనే సూటిగా వేస్తుంది. ఆ ప్రశ్న వేసిన తీరునూ, వేయడంలో ఉన్న లోపాలనూ వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా కాస్ట్ ఆల్బమ్ అంటే ఏమిటో చెప్పుకోవాలి. న్యూయార్కులో ఒక సంగీత నాటకం ఆడుతున్నప్పుడు, అందులో వేషాలు వేసిన వాళ్ళ చేతనే పాటలు స్టూడియోలో పాడించి రికార్డు చేస్తారు. మన సినిమా పాటల రికార్డుకూ దీనికీ పెద్ద తేడా ఉంది. మన సినిమాలో పాడేది ఒకరు, పెదవులు కదిపేది మరొకరు. ఇక్కడ పాత్ర గొంతే పాట గొంతు. యాస, ఆయాసం, వణుకు అన్నీ పాటలోకి వస్తాయి. మన పద్యనాటకాలు గ్రామఫోను పెట్టెలెక్కి ఊరూరా తిరిగిన రోజుల గురించి పెద్దలు చెప్పగా విన్నవారికి ఇది కొత్తగా తోచదు. నాటకం ముఖం చూడని ఊళ్ళో కూడా రాయబారం పద్యాలు నోటికి వచ్చినవాళ్ళు ఉండేవారు. ప్రదర్శన ఆ పూటతో ముగుస్తుంది, రికార్డు మిగులుతుంది. కాబట్టి ఏది మిగిలిందో, ఏది జారిపోయిందో చూడటం కూడా విమర్శకుడి పనే.

మూలం 1960లో రోజర్ కార్మన్ తీసిన అదే పేరుగల సినిమా. తక్కువ ఖర్చుతో, తక్కువ రోజుల్లో సినిమాలు చుట్టెయ్యడంలో కార్మన్ పేరు మోసినవాడు. దీని చిత్రీకరణలో ప్రధాన భాగం రెండు పగళ్ళు, ఒక రాత్రిలో ముగించాడని ప్రసిద్ధి. ఛార్లెస్ గ్రిఫిత్ రాసిన కథ. జాక్ నికల్సన్ అప్పటికి పేరు లేని కుర్రవాడు, పళ్ళ డాక్టరు దగ్గర నొప్పిని ఆనందించే రోగిగా చిన్న వేషం వేశాడు. ఆ సినిమా గురించి ఇంతకంటే చెప్పవలసింది పెద్దగా లేదు.

దాన్ని నాటకంగా మార్చినవాడు హోవర్డ్ ఆష్మన్. సంభాషణలు, పాటలు ఆయనవే, దర్శకత్వమూ ఆయనదే. సంగీతం అలన్ మెంకెన్. 1982 మే 6న న్యూయార్కులోని డబ్ల్యూపీఏ థియేటర్‌లో మొదలైంది. (పేరు చూసి 1930ల నాటి ప్రభుత్వ ఉపాధి పథకం, దాని కింద నడిచిన నాటక ఉద్యమం గుర్తుకు రావచ్చు. దానికీ దీనికీ సంబంధం లేదు. ఇది వర్క్‌షాప్ ఆఫ్ ది ప్లేయర్స్ ఆర్ట్ అనే చిన్న నాటకశాల.) ఆ జూలై 27న ఆర్ఫియమ్ థియేటర్‌కు మారి, 1987 నవంబరు 1 దాకా 2,209 ప్రదర్శనలు ఆడింది. బ్రాడ్వేలోని పెద్ద హాళ్ళకు బయట, చిన్న హాల్లో, ఇన్నేళ్ళు ఆడటం సామాన్యం కాదు.

కథ చెప్పకపోతే రికార్డు అర్థం కాదు. స్కిడ్ రో అనే మురికివాడలో ముష్నిక్ అనే ముసలివాడికి బేరాల్లేని పూలకొట్టు ఉంది. అందులో ఇద్దరు పనివాళ్ళు: అనాథ సీమోర్, అతను మూగగా ప్రేమించే ఆడ్రీ. సూర్యగ్రహణం రోజున సీమోర్‌కు ఒక వింత మొక్క దొరుకుతుంది. దానికి ఆడ్రీ టూ అని పేరు పెట్టుకుంటాడు. నీళ్ళు, ఎరువు దేనికీ అది లొంగదు. వేలు తెగి నెత్తురు చుక్క కారితే నోరు తెరుస్తుంది. మొక్క పెరిగే కొద్దీ కొట్టుకు జనం వస్తారు, డబ్బు వస్తుంది, పేరు వస్తుంది. వేలి నెత్తురు చాలని రోజున మొక్క మాట్లాడటం మొదలుపెడుతుంది. మనుషుల్ని తెచ్చి పెట్టమంటుంది, కావలసినవన్నీ ఇస్తానంటుంది. ఆడ్రీని చితకబాదే పళ్ళ డాక్టరు మొదటి ఆహారం. నిజం పసిగట్టిన ముష్నిక్ రెండో ఆహారం. చివరికి ఆడ్రీ, సీమోర్ కూడా.

ఆష్మన్ చేసిన మార్పులు గమనించదగ్గవి. 1960 చిత్రంలో పళ్ళ డాక్టరుకూ ఆడ్రీకీ సంబంధమే లేదు, ఆడ్రీ చావదు, ముష్నిక్ కూడా బతికే ఉంటాడు. చావులు చాలావరకు పొరపాటున జరిగే చావులు. నాటకంలో పొరపాటు తగ్గి బేరం వచ్చింది. డాక్టరు మత్తు వాయువు ముసుగు ఊడిరాక ఊపిరాడక చచ్చిపోతుంటే సీమోర్ చంపడు, రక్షించడు. నిలబడి చూస్తాడంతే. నేరానికీ నిర్లిప్తతకూ మధ్య ఉన్న ఆ సన్నని గీత కార్మన్ సినిమాలో లేదు.

ఇక "క్యాంప్" అనే మాట. దీనికి తెలుగులో సరైన పదం లేదు. అతిని అతి అని తెలిసీ ప్రేమించడం, చౌకబారుతనాన్ని చౌకబారుతనం గానే అలంకరించి ముందు పెట్టడం అని చెప్పుకోవచ్చు. 1964లో సూసన్ సొంటాగ్ దీని మీద రాసిన వ్యాసం ప్రసిద్ధం. క్యాంప్ రాజకీయాలకు ఎడంగా ఉండే అభిరుచి అని ఆమె అభిప్రాయం. మన వైపు విమర్శకులు ఈ మాట పట్టుకుని, ఇదంతా క్షీణ సంస్కృతి అని తీసిపారెయ్యవచ్చు. నా అభిప్రాయం వేరు. తమ ప్రేమను బయటికి చెప్పుకుంటే ఉద్యోగం పోయే, జైలు పడే కాలంలో స్వలింగ ప్రేమికులు తమలో తాము మాట్లాడుకోవడానికి వాడుకున్న భాష ఇది. పైకి పరిహాసం, లోపల గాయం. ఆష్మన్ ఆ సమాజం నుంచి వచ్చినవాడే. దాచిపెట్టి చెప్పడం తెలిసినవాళ్ళ చేతిలో పరిహాసం ఎంత పదునెక్కుతుందో, దొరల ముందు భాగవతం ఆడిన మన పగటివేషగాళ్ళను తలుచుకుంటే అర్థమవుతుంది.

రికార్డు ముగ్గురు అమ్మాయిల పాటతో మొదలవుతుంది. వాళ్ళు స్కిడ్ రో వీధి గట్ల మీద బడి ఎగ్గొట్టి తిరిగే నల్లజాతి పిల్లలు. పేర్లు క్రిస్టల్, రోనెట్, షిఫాన్. పాడినవారు షీలా కే డేవిస్, జెన్నిఫర్ లీ వారెన్, లైలానీ జోన్స్. మన బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ నిలిచే వంతల్లో ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం అందుకుంటారు. ఈ ముగ్గురూ ఆ రెండు పనులూ చేస్తారు. కథలో ఉంటారు, కథ బయటా ఉంటారు. జరగబోయేది వాళ్ళకు తెలుసు, సీమోర్‌కు తెలియదు. అయినా ఆపరు.

ఆ మూడు పేర్లూ 1960ల మొదట్లో అమెరికాను ఊపేసిన ది క్రిస్టల్స్, ది రోనెట్స్, ది షిఫాన్స్ అనే బృందాల పేర్లు. మెంకెన్ సంగీతం ఆ బృందాల బాణీలోనే నడుస్తుంది. ఇది సరదా అనుకరణగా కనిపిస్తుంది కాని, ఆ బృందాల చరిత్ర తెలిస్తే నవ్వు కొంచెం ఆగుతుంది. 1962లో క్రిస్టల్స్ పేరుతో విడుదలై అగ్రస్థానం అందుకున్న "హీజ్ ఎ రెబెల్" పాటను ఆ బృందం పాడనే లేదు. పాడింది డార్లీన్ లవ్, ది బ్లాసమ్స్. నిర్మాత ఫిల్ స్పెక్టర్ మరొకరి పేరు వేసి అమ్మాడు. రోనెట్స్ 1963లో స్పెక్టర్‌తో చేసుకున్న ఒప్పందం కింద ముగ్గురికీ కలిపి దక్కింది సుమారు 15 వేల డాలర్ల అడ్వాన్సు. వాళ్ళు వేసిన దావా 2002లో న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానం దాకా నడిచింది. సంతకం చేయించుకుని గొంతు తినేసే వ్యాపారం ఈ సంగీతానికి పుట్టుకతోనే ఉంది. మొక్క కథను ఈ బాణీలో చెప్పడం ఎంత అతికిందో చూడండి.

రికార్డులో నాకు అన్నిటికంటే బలంగా తోచేది "స్కిడ్ రో" పాట. నెమ్మదిగా, ఒంటరి గొంతుతో మొదలవుతుంది. పొద్దున్నే లేచి సంపన్నుల పేటకు పోయి, పగలంతా వాళ్ళకు చాకిరీ చేసి, సాయంత్రానికి మళ్ళీ ఈ కుళ్ళులోకి దిగివచ్చే జీవితం అందులో ఉంది. తర్వాత లయ పుంజుకుని వీధి వీధంతా గొంతు కలుపుతుంది. చివరికి సీమోర్ గొంతు వేరుపడి, ఇక్కణ్ణుంచి బయటికి దారి చూపమని ప్రాధేయపడుతుంది. ఇక్కడే నాటకం గుట్టు ఉంది. ఊరంతా కలిసి పాడిన బాధ నుంచి ఒక్కడు ఒంటరిగా బయటపడాలనుకుంటాడు. మొక్క కాచుకుని ఉన్నది ఆ ఒక్కడి కోసమే.

ఆడ్రీ కల ఇంకొక మెట్టు. "సమ్‌వేర్ దట్స్ గ్రీన్" పాటలో ఆమె కోరుకునేది ఎంత? శివారులో అగ్గిపెట్టెలాంటి ఇల్లు, చుట్టూ కంచె, బట్టలుతికే యంత్రం, చిన్న టీవీ, కుర్చీలు మాసిపోకుండా వాటి మీద ప్లాస్టిక్ తొడుగులు. ఆ ఊహంతా ఒక గృహాలంకరణ పత్రిక చూసి కట్టుకున్నదే. వినేవాళ్ళు మొదట నవ్వుతారు. ఎలెన్ గ్రీన్ గొంతు ఆ నవ్వును ఎంతోసేపు నిలవనివ్వదు. చిన్నపిల్లలా కీచుగా, బెదురుగా పలికే ఆ గొంతు ఆ చిన్న చిన్న వస్తువుల పేర్లు చెబుతుంటే, కలలు కూడా వ్యాపార ప్రకటనల నుంచి అరువు తెచ్చుకోవలసిన దారిద్ర్యం అర్థమవుతుంది. నాటకంలో ఆమె లెవిట్‌టౌన్ అంతటి గొప్ప చోటు వద్దంటుంది. యుద్ధానంతరం మూసలో పోసినట్టు కట్టిన మధ్యతరగతి ఇళ్ళ పేట అది. మొదట్లో అక్కడ నల్లవాళ్ళు ఉండరాదని ఒప్పందాల్లోనే రాసుకున్నారు. ఆడ్రీకి అదీ అందని పండే. చివర్లో చావుబతుకుల మధ్య ఆమె అదే పాట మళ్ళీ పాడుతుంది, తనను మొక్కకే పెట్టెయ్యమంటుంది. పచ్చని చోటు దొరుకుతుంది, మొక్క కడుపులో. ఇంత క్రూరమైన వ్యంగ్యాన్ని ఇంత తీయని బాణీలో పెట్టడం క్యాంప్‌కే సాధ్యం.

అదే గొంతు "సడన్లీ సీమోర్" పాటలో ఒక్కసారి కట్టలు తెంచుకుంటుంది. బెదురు పోయి నిండు స్వరం వస్తుంది. తనకు విలువ ఉందని మొదటిసారి నమ్మిన మనిషి గొంతు ఎలా మారుతుందో చెవికి తెలుస్తుంది. తర్వాత వచ్చే "ద మీక్ షల్ ఇన్‌హెరిట్" బైబిలులోని మాటను తలకిందులు చేస్తుంది. ఏజెంట్లు, టీవీ వాళ్ళు, పత్రిక వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఒప్పంద పత్రాలతో దిగుతారు. సీమోర్ ఒక్క నిమిషం తటపటాయిస్తాడు. మొక్క లేకపోతే డబ్బు పోతుంది, డబ్బు పోతే ఆడ్రీ ప్రేమిస్తుందా? సంతకం పెడతాడు. ఆడ్రీ డబ్బు అడగలేదు. పేదవాడికి ప్రేమ మీద కూడా నమ్మకం లేకుండా చేసిన వ్యవస్థ గురించి దీనికంటే బాగా చెప్పిన ఉపన్యాసం నేను వినలేదు.

లోపాలు లేవా? ఉన్నాయి. రంగస్థలం మీద ఆడ్రీ కన్ను వాచి వస్తుంది, చేతికి కట్టుతో వస్తుంది. ఆ దెబ్బలు చూస్తూ "డెంటిస్ట్" పాట వినడం వేరు. రికార్డులో దెబ్బలు కనపడవు, ఫ్రాంక్ లజ్ పాడిన ఆ హుషారైన పాటే వినపడుతుంది. హింసించేవాడు వినోదమై మిగిలాడు. న్యూజెర్సీలో ఉన్న మా అక్కయ్య కూతురు హైస్కూల్లో ఈ నాటకంలో రోనెట్ వేషం వేసింది. రిహార్సల్‌లో అందరూ ఎక్కువసార్లు పాడుకున్నది ఆ పాటేనట. "మామయ్యా, కట్టు కట్టుకుని ఆడ్రీ పక్కన నిలబడిన రోజు నుంచి మాకెవరికీ నవ్వు రాలేదు" అంది.

రెండోది ఇంకా చిక్కు. మొక్క రంగస్థలం మీద మార్టిన్ రాబిన్సన్ చేసిన బొమ్మ. లోపల దాన్ని ఆడించేదీ ఆయనే. కనపడకుండా పలికేది రాన్ టేలర్ అనే నల్లజాతి గాయకుడు. బొమ్మ లేని రికార్డులో మొక్క అంటే ఆ గొంతు ఒక్కటే: గంభీరమైన, ఆకలిగొన్న, ప్రలోభపెట్టే నల్లవాడి గొంతు. తెల్లవాడిని చెడగొట్టే పరాయి భూతానికి ఆ గొంతు ఇవ్వడం పాత దురభిప్రాయాన్ని పోషించడమేనని అన్నవారు ఉన్నారు. నేను ఆ మాటను కాదనలేను. కథ చెప్పే తెలివి ముగ్గురు నల్లపిల్లలకు ఇచ్చారు కదా అనడం సమాధానం కాదు.

1986లో దీన్ని ఫ్రాంక్ ఓజ్ దర్శకత్వంలో మళ్ళీ సినిమాగా తీశారు. మొదట నాటకంలో లాగే ఇద్దరూ చనిపోయి, మొక్కలు నగరాలను ఆక్రమించే ముగింపు ఎంతో ఖర్చుపెట్టి చిత్రీకరించారు. విడుదలకు ముందు చూపించిన ప్రేక్షకులకు అది నచ్చలేదు. దాన్ని తీసేసి, సీమోర్ మొక్కను చంపి ఆడ్రీని పెళ్ళాడి, పచ్చని చోట కాపురం పెట్టే ముగింపు అతికించారు. అంటే నాటకం ఏ కలను చూసి నవ్విందో, ఏ కలను నమ్మవద్దందో, సినిమా దాన్నే నిజం చేసి చూపించింది. మొక్కకు ఎవరి శవాలు ఆహారమయ్యాయో ఆ శవాల మీద కట్టిన ఇల్లు అది. డబ్బులిచ్చి టిక్కెట్టు కొనేవాడు దుఃఖాంతం ఒప్పుకోడన్న వాదం మన నిర్మాతల నోటా విన్నదే.

నాటకం చివర మొక్క అంట్లు కత్తిరించి దేశమంతటా అమ్మడానికి ఒక కంపెనీవాడు వస్తాడు. ముగ్గురు అమ్మాయిలు ఆ తర్వాత జరిగింది చెప్పి, ఏం ఇస్తానన్నా ఆ మొక్కలకు తిండి పెట్టవద్దని ప్రేక్షకుల్ని హెచ్చరిస్తారు. ఆర్ఫియమ్‌లో ఆ క్షణాన పైకప్పు నుంచి తీగలు జనం మీద పడేవి. రికార్డులో తీగలు లేవు, హెచ్చరిక ఉంది. సినిమాలో తీసేసిన ముగింపు 2012లో గాని పూర్తిగా పునరుద్ధరించి బయటికి రాలేదు. ఆ ముప్పై ఏళ్ళూ ఇంట్లో కూర్చుని ఆష్మన్ రాసిన ముగింపును వినాలనుకున్నవాడికి ఈ రికార్డు దిక్కయింది. ఆష్మన్ మాత్రం 1991 మార్చి 14న ఎయిడ్స్‌తో చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు 40.