ట్రాక్టరును వెనక నుంచి చూడాలి

పాత ట్రాక్టర్ల జాతరకు కొత్తగా వెళ్లినవాళ్లు బండి ముందు నిలబడి ఫొటోలు దిగుతారు. అలవాటున్నవాళ్లు నేరుగా వెనక్కి వెళ్లి, నడుం వంచి, అక్కడేం తగిలించి ఉందో చూస్తారు. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, మౌంట్ ప్లెజంట్ అనే చిన్న ఊళ్లో జరిగే ఓల్డ్ థ్రెషర్స్ రీయూనియన్‌లో ఈ రెండు రకాల జనమూ కనిపిస్తారు. 1950లో మొదలైన ఈ సంబరం సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే లేబర్ డేతో ముగుస్తుంది, ఐదు రోజులు. మేం వెళ్లిన గుంపులో అందరం ఇప్పుడు కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్లమే గానీ, చిన్నప్పుడు మెస్సీ (మాసీ ఫెర్గూసన్) ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చుని పొలానికి వెళ్లినవాళ్లం. ఆ పిచ్చి ఒక పట్టాన వదలదు.

ముందుగా చెవికి తెలిసేది పాత జాన్ డీర్. టప్ టప్ అని రెండు దెబ్బలు, కాస్త విరామం, మళ్లీ టప్ టప్. చెడిపోయిందనుకోకండి, దాని నడకే అంత. ఇంజనుకు ఉన్నవి రెండే సిలిండర్లు. ఒకటి పేలిన అర చుట్టుకు రెండోది పేలుతుంది. ఆ తర్వాత చుట్టున్నర దాకా ఏమీ ఉండదు. ఆ ఖాళీని దాటించేది బరువైన ఫ్లైవీలు. భాగాలు తక్కువ కాబట్టి ధర తక్కువ, మరమ్మతు రైతే చేసుకోగలడు. పెట్రోలుతో స్టార్టు చేసి, ఇంజను వేడెక్కాక కిరసనాయిలు లాంటి చవక ఇంధనానికి మార్చేవాళ్లు. అందుకే ఒకే బండికి చిన్న ట్యాంకూ పెద్ద ట్యాంకూ రెండూ ఉంటాయి. ఈ వరసలో మోడల్ డి ఒక్కటే 1923 నుంచి 1953 దాకా తయారైంది. 1960లో కంపెనీ నాలుగు, ఆరు సిలిండర్ల కొత్త బండ్లను తెచ్చాక ఆ చప్పుడు పొలాల్లోంచి జాతరల్లోకి మారింది.

దాన్ని స్టార్టు చేయడం చూసి తీరాలి. ఒకాయన సిలిండర్లకున్న చిన్న కుళాయిలు తెరిచి, పక్కనున్న ఫ్లైవీలును రెండు చేతులా పట్టి తిప్పాడు. కుళాయిల్లోంచి బుస్సుమని గాలి వచ్చింది. ఇంజను అందుకోగానే వాటిని మూసేశాడు. "అన్నా, ఇది మన ఆయిలింజనే గదా!" అన్నాడు మా తమ్ముడొకడు. నిజమే. బావి దగ్గర ఆయిలింజనుకు హ్యాండిల్ వేసి తిప్పేటప్పుడు పైనున్న లివరు ఎత్తిపట్టి, వేగం అందుకున్నాక వదిలేవాళ్లు. లోపల గాలి నొక్కుకుపోతే మనిషి బలానికి చక్రం తిరగదు. ముందు గాలికి దారి ఇచ్చి, తర్వాత ఆ దారి మూయడమే రెండింటి కిటుకూ.

ఇక వెనక్కి వెళదాం. అసలు కథంతా అక్కడే ఉంది.

హెన్రీ ఫోర్డ్ 1917లో తయారీ మొదలుపెట్టిన ఫోర్డ్‌సన్, ట్రాక్టరును సామాన్య రైతుకు అందించింది. 1922లో దాని ధర 395 డాలర్లకు దిగింది. దాని వెనక నాగలిని తగిలించడానికి ఉన్నది ఒక కొక్కెం, అంతే. నాగలి ఏ బండకో తగిలి ఆగిపోతే వెనక చక్రాలు కదలలేవు. ఇంజను మాత్రం తిప్పుతూనే ఉంటుంది. చక్రం తిరగకపోతే ఇరుసు చుట్టూ ట్రాక్టరే తిరుగుతుంది: మూతి పైకి లేచి, డ్రైవరు తేరుకునేలోపే అతని మీదికి వెనక్కి పడుతుంది. దమ్ములో దిగబడ్డ బండిని మొండిగా లాగించబోయి ప్రాణాలు పోగొట్టుకున్న డ్రైవర్లు మన దగ్గరా ఉన్నారు. కారణం ఇదే.

ఐర్లండ్‌లో రైతు కుటుంబంలో పుట్టిన హ్యారీ ఫెర్గూసన్ నాగలిని ఈడ్చడం మానేసి, ట్రాక్టరు ఒంట్లో భాగం చేశాడు. కింద రెండు చేతులు, పైన ఒకటి. నాగలి కొనకు నేలలో అడ్డం తగిలితే దాని పైభాగం ముందుకు వాలబోతుంది. ఆ తోపు పై చేతి గుండా వచ్చి ముందు చక్రాలను నేలకు అదుముతుంది. అంటే బండిని బోల్తా కొట్టించాల్సిన బలమే దాన్ని బోల్తా పడకుండా కాస్తుంది! అంతేకాదు, పై చేతి దగ్గరున్న స్ప్రింగు ఆ తోపును పసిగడుతుంది. లోడు పెరిగితే హైడ్రాలిక్ నాగలిని రవ్వంత లేపుతుంది. దాని బరువు వెనక చక్రాల మీద పడి పట్టు పెరుగుతుంది. అందుకే బక్క బండి కూడా బరువు బండి చేసే పని చేయగలిగింది. నన్నడిగితే ట్రాక్టరు చరిత్రలో ఇంజను కన్నా గొప్ప సంగతి ఇది.

1938లో ఫోర్డ్, ఫెర్గూసన్ చేతిలో చెయ్యేసి ఒప్పందం చేసుకున్నారు, కాగితం లేదు. మరుసటి ఏడు ఫోర్డ్ 9ఎన్ వచ్చింది. తర్వాత ఫోర్డ్ మనవడి హయాంలో ఆ మాట చెడింది. కోర్టుకెక్కిన తగువు 1952లో ఫెర్గూసన్‌కు 92.5 లక్షల డాలర్లిచ్చి తెంచుకోవడంతో ముగిసింది. మరోపక్క ఫెర్గూసన్ పేరుతో ఇంగ్లండ్‌లోని కొవెంట్రీలో టీఈ20 అనే బూడిద రంగు బండి ఐదు లక్షలకు పైగా తయారైంది. 1958 జనవరిలో, ఎవరెస్టు ఎక్కిన హిల్లరీ దక్షిణ ధ్రువం చేరింది ఈ బండ్ల మీదే. 1953లో ఫెర్గూసన్ కంపెనీ మాసీ హారిస్‌తో కలిసింది. ఆ కలయికే తర్వాత మాసీ ఫెర్గూసన్ అయింది. 1960లో మద్రాసులో టాఫే అనే కంపెనీ మొదలై ఆ ట్రాక్టర్లను మనకిచ్చింది. మా మడ్‌గార్డుల వంశవృక్షం అదీ. ఈ రోజు ఏ కంపెనీ బండికైనా ఏ కంపెనీ రోటావేటరైనా తగిలించగలుగుతున్నామంటే ఆ మూడు చేతుల వల్లే.

చక్రాల గురించి రెండు ముక్కలు. పాతవాటికి ఇనుప చక్రాలు, వాటికి పళ్లు. 1932లో అల్లిస్ ఛామర్స్ రబ్బరు టైర్లతో ట్రాక్టరు అమ్మడం మొదలుపెట్టాక అవి మూలన పడ్డాయి. మన వరి మళ్లలో మాత్రం ఇప్పటికీ దమ్ముకు ఇనుప చక్రాలే కావాలి, వాటితో తారురోడ్డెక్కితే అధికారులతో తగువూ తప్పదు.

ఇంకో వరసలో అందరూ గొప్పగా చెప్పుకునే నెబ్రాస్కా పరీక్ష సంఖ్యలు కనిపిస్తాయి. హెన్రీ ఫోర్డ్‌తో సంబంధం లేకుండా ఫోర్డ్ పేరు పెట్టుకున్న ఒక నాసి ట్రాక్టరు కొని విసిగిపోయిన క్రోజియర్ అనే రైతు, శాసనసభకు వెళ్లి 1919లో చట్టం తెచ్చాడు. పరీక్షకు నిలవని ట్రాక్టరు నెబ్రాస్కా రాష్ట్రంలో అమ్మకూడదన్నది ఆ చట్టం. మన దేశంలో ఇలాంటి పరీక్షలు మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో చేస్తారు. అనంతపురం జిల్లా గార్లదిన్నె దగ్గరా వ్యవసాయ యంత్రాల పరీక్షా కేంద్రం ఉంది. ఆ చోటికి ట్రాక్టర్ నగర్ అనే పేరు.

సాయంత్రం మాలో మాకు తగువు పడింది. పాత బండికి కొత్త రంగు వేయాలా, తుప్పును అలాగే ఉంచాలా? నా ఓటు తుప్పుకే. అరిగిన క్లచ్ పెడలు, అతుకేసిన సీటు ఆ బండి ఎంత పని చేసిందో చెబుతాయి; మెరిసే ఆకుపచ్చ రంగు కంపెనీ గురించి తప్ప రైతు గురించి ఏమీ చెప్పదు. తమ్ముడు ఒప్పుకోలేదు. "ఆ రైతే తన కాలంలో రెండు మూడుసార్లు రంగు కొట్టించి ఉంటాడన్నా, మనం కొడితే తప్పేంటి?" అన్నాడు.