చక్రాల మంచం మీది కుర్రవాడు

పిల్లలూ! మోటారు పందేల బొమ్మల్లో బొప్పాయిపండు రంగు కారును మీలో కొందరు చూసే ఉంటారు. దాని మీద మెక్‌లారెన్ అని రాసి ఉంటుంది. అది కంపెనీ పేరే అయినా, అంతకుముందు ఒక మనిషి పేరు. అతడు పోయి యాభై ఏళ్లు దాటింది. అతని స్నేహితులు అతన్ని తలుచుకున్న తీరు ఒకటుంది. ఆ సంగతి చెప్పాలంటే మొదట అతని కథ చెప్పాలి.

మనకు చాలా దూరాన, దక్షిణ సముద్రాల నడుమ, న్యూజీలండ్ అనే దేశం ఉంది. అక్కడ ఆక్లండ్ పట్నంలో 1937 ఆగస్టు 30 న బ్రూస్ మెక్‌లారెన్ పుట్టాడు. తండ్రి లెస్‌కు ఒక పెట్రోలు బంకూ, కార్లు బాగుచేసే షెడ్డూ ఉండేవి. పిల్లవాడు ఆ నూనె వాసనలోనే పెరిగాడు. అందరు పిల్లల్లాగే బంతాట ఆడేవాడు, పరుగెత్తేవాడు.

తొమ్మిదో ఏట అతనికి తుంటి దగ్గర జబ్బు చేసింది. దాన్ని పెర్తిస్ జబ్బు అంటారు. తొడ ఎముక పైకొస గుండ్రంగా బంతిలా ఉండి తుంటిలోని గుంటలో తిరుగుతుంది. ఆ బంతికి రక్తం సరిగా అందకపోతే ఎముక మెత్తబడి నలిగిపోతుంది. ఆ రోజుల్లో దానికి వైద్యం ఏమంటే, కాలి మీద బరువు పడకుండా కట్టివేసి పడుకోబెట్టడం. బ్రూస్‌ను విల్సన్ హోమ్ అనే పిల్లల ఆస్పత్రిలో చేర్చారు. చక్రాలున్న మంచం లాంటి చట్రానికి కాళ్లు బిగించారు. ఒక రోజు కాదు, ఒక నెల కాదు, రెండేళ్లు! తొమ్మిదేళ్ల పిల్లవాడికి రెండేళ్లంటే ఎంతో తల్లిదండ్రులకు వేరే చెప్పనక్కరలేదు. లేచి నడిచేసరికి ఎడమకాలు కుడికాలికంటే పొట్టిదై కూర్చుంది. కొద్దిపాటి కుంటు అతనికి చివరిదాకా ఉండేది.

బంతాటలు పోయాయి. కాని కారు నడపడానికి కాళ్లు రెండూ సమానంగా ఉండాలని ఎక్కడా లేదు కదా! తండ్రి ఒక పాత ఆస్టిన్ సెవెన్ కారు కొన్నాడు. అది విప్పిన భాగాలుగా ఇంటికి వచ్చింది. బాగుచేసి అమ్ముదామని ఆయన ఆలోచన. కొడుకు అమ్మనివ్వలేదు. తండ్రీ కొడుకులు కలిసి ఒక్కొక్క మరా బిగించారు. పెరట్లో చెట్ల మధ్య తిప్పి తిప్పి బ్రూస్ దాన్ని నడపడం నేర్చాడు. బడి చదువు పూర్తి కాకముందే కొండదారి పందెంలో దిగాడు.

ఆ పందేల కాలంలోనే ఫిల్ కెర్ అనే ఆక్లండ్ కుర్రవాడు అతనికి స్నేహితుడయ్యాడు. 1958 లో ఆ దేశపు పందేల సంఘం ఒక యువకుణ్ణి ఐరోపాకు పంపే ఏర్పాటు చేసింది. మొదటి అవకాశం బ్రూస్‌కే దక్కింది. మరుసటి ఏడే, 1959 డిసెంబరులో, అమెరికాలో జరిగిన గ్రాండ్ ప్రీ పందెం గెలిచాడు. అప్పటికి అతనికి ఇరవై రెండేళ్లు.

గెలిచినవాడు హాయిగా ఇతరుల కార్లు నడుపుకోవచ్చు. ఇతనికి మాత్రం తన కారు తానే కట్టాలని పట్టుదల. 1963 లో సొంత సంస్థ పెట్టాడు. సంస్థ అంటే మేడలూ మిద్దెలూ అనుకునేరు! లండను దగ్గర న్యూ మాల్డెన్‌లో మట్టినేల ఉన్న ఒక షెడ్డు. దాంట్లోనే నేల చదునుచేసే యంత్రం ఒకటి అడ్డంగా నిలిచి ఉండేది.

ఆ రోజుల్లోనే ఒక చిన్న సంగతి జరిగింది. అతని పెద్ద గెలుపులన్నిటికంటే నాకు ఇదే గొప్పగా తోస్తుంది. ఒక కారును పరీక్ష చేస్తూ వేగంగా పోతున్నాడు. ముందు రేకు మీద పెట్రోలు పోసే చోట చిన్న మూత ఉంది. అది టపటపా కొట్టుకోసాగింది. ఎవరో సరిగా మూయలేదని మొదట అతనికి కోపం వచ్చింది. మన బడిలో కిటికీ తలుపు కొట్టుకుంటే ఏం చేస్తాం? కాగితం మడిచి చెక్కుతాం, అంతటితో మరిచిపోతాం. బ్రూస్ మరిచిపోలేదు. వేగం పెరిగితే ఎదురుగాలి మూతను ఇంకా గట్టిగా అదమాలి గదా, మరి పైకి లేస్తున్నదేం? అని ఆలోచించాడు. మూత పైన ఉన్న గాలికంటే కింద ఉన్న గాలి ఎక్కువగా ఒత్తుతూ ఉండాలి. అంటే రేడియేటరుకోసం ముక్కులోంచి దూరిన గాలి బయటికి పోయే దారి లేక లోపలే ఇరుక్కుంటున్నది. ఎదురుగాలిలో గొడుగు పట్టుకుంటే ఏమవుతుందో కారుకూ అదే అవుతున్నది!

కారు ఆపి, రేకు కత్తెర తెచ్చి, రేడియేటరు వెనక పైరేకును కత్తిరించేశాడు. మళ్లీ ఎక్కి తోలితే కారు మునుపటికంటే వేగంగా చుట్టు తిరిగింది. మెక్‌లారెన్ కార్లకు ముక్కుపుటాల లాంటి రంధ్రాలు అలా వచ్చాయి.

దీని వెనక ఉన్న శాస్త్రం చూడండి. పెద్ద విమానాలు గంటకు సుమారు 150, 160 మైళ్ల వేగం అందుకోగానే నేల విడుస్తాయి. పందెం కారు అంతకు మించిన వేగంతో పోతూ కూడా నేలను విడవకూడదు. టైరు నేలను గట్టిగా అదిమితేనే మలుపులో పట్టు. అందుకని విమానపు రెక్కను తలకిందులు చేసినట్టు ఒక రెక్కను కారుకు అమరుస్తారు. విమానాన్ని పైకెత్తే గాలే కారును కిందికి నొక్కుతుంది.

1964 ఫిబ్రవరిలో అతని జట్టువాడైన టిమ్మీ మేయర్ టాస్మేనియాలో కారు ప్రమాదంలో మరణించాడు. బ్రూస్ అతన్ని గురించి రాస్తూ, బతుకును ఏళ్లతో మాత్రమే లెక్కించకూడదు, సాధించినదానితో కొలవాలి అన్నాడు. టిమ్మీ అన్న టెడ్డీ బ్రూస్ పక్కనే ఉండి సంస్థ పనులు చూశాడు.

1966 లో లె మాన్ ఇరవైనాలుగు గంటల పందెం, 1968 లో బెల్జియం గ్రాండ్ ప్రీ గెలిచాడు. ఈ రెండోది తన పేరున్న కారులోనే. పందెం చివర్లో ముందున్న స్టీవర్ట్‌కు పెట్రోలు అయిపోయింది. తాను గెలిచినట్టు బ్రూస్‌కు ఎవరో చెప్పేదాకా తెలియదు! ఆ ఏడే ఫిల్ కెర్ వచ్చి సంస్థలో చేరాడు. 1969 లో కెన్-యామ్ పందేలు పదకొండు జరిగితే పదకొండూ బ్రూస్, అతని దేశస్థుడే అయిన డెన్నీ హల్మ్ గెలిచారు.

1970 జూన్ 2 న ఇంగ్లండులోని గుడ్‌వుడ్ బాటలో బ్రూస్ కొత్త కారును పరీక్షిస్తున్నాడు. నేరుబాట మీద మంచి వేగంలో ఉండగా కారు వెనక భాగం ఊడి పైకి లేచింది. నేలకు అదిమే రెక్క ఉన్నది ఆ భాగం మీదే. క్షణంలో పట్టు పోయింది. కారు గిరగిర తిరిగి బాట పక్కనున్న కట్టడానికి కొట్టుకున్నది. అతని వయసు ముప్పై రెండు. ఇంట్లో భార్య, నాలుగేళ్ల కూతురు.

మర్నాడు పనిలోకి రానక్కరలేదని టెడ్డీ అందరికీ చెప్పాడు. అందరూ వచ్చారు. పన్నెండు రోజుల్లో కెనడాలో పందెం ఉంది. కార్లు సిద్ధం కావాలి. డెన్నీ చేతులు అప్పటికి కాలి ఉన్నాయి. మే నెలలో ఇండియానాపోలిస్‌లో అతని కారు ఇంధనం మూత తెరుచుకొని మిథనాల్ అంటుకున్నది. మిథనాల్ మంట పగటిపూట కంటికి దాదాపు కనిపించదు. ఆ కట్లతోనే అతడు కెనడా వెళ్లి, పూర్తి పందెం నడిపి మూడవవాడుగా వచ్చాడు. బ్రూస్ స్థానంలో కూర్చున్న డాన్ గర్నీ మొదటివాడుగా వచ్చాడు. ఆ ఏడు పది పందేలు జరిగితే తొమ్మిది ఆ బొప్పాయి రంగు కార్లే గెలిచాయి. డెన్నీయే విజేత.

ఫిల్ కెర్ 2007 లో తన జ్ఞాపకాలను పుస్తకంగా వేశాడు. 2015 లో అతడూ పోయాడు. తండ్రీ కొడుకులు బిగించిన ఆ చిన్న ఆస్టిన్ మాత్రం ఇంగ్లండులో వోకింగ్ అనే ఊళ్లో, మెక్‌లారెన్ కంపెనీ భవనంలో, పెద్ద పెద్ద పందెం కార్ల వరసలో నిలబడి ఉంది. దాని ఇంజను 747 సీసీ. ఇప్పటి కొన్ని మోటారుసైకిళ్ల ఇంజన్లే అంతకంటే పెద్దవి.