బలిసిన పంది బండిలోనే చచ్చేది - కారణం జన్యువులో దొరికింది

బెల్జియంలోని పియెత్రాన్ అనే చిన్న గ్రామం పేరు పందుల పెంపకందారులకు ప్రపంచమంతటా తెలుసు. తెల్లని ఒంటిమీద నల్లమచ్చలు, లావైన తొడలు గల ఆ ఊరి పందికి కొవ్వు తక్కువ, కండ ఎక్కువ. రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత కొవ్వులేని మాంసానికి గిరాకీ పెరగడంతో ఈ జాతి మగపందులకోసం యూరపు రైతులు ఎగబడ్డారు.

అక్కడే చిక్కు వచ్చిపడింది. దొడ్డిలో దిట్టంగా తిరిగిన పంది లారీ ఎక్కించేసరికి వణికి, ఒళ్ళు బిగుసుకుపోయి దారిలోనే చచ్చేది. కబేళా చేరినవాటి మాంసమైనా పాలిపోయి, మెత్తబడి, నీరు ఓడేది. నీరు కారితే తూకం తగ్గుతుంది. వండితే పిప్పిలా ఉంటుంది.

కండరం బిగియడానికి దాని కణాలలోని తిత్తులనుంచి కాల్షియం బయటికి రావాలి. పని కాగానే ఆ దారి మూసుకోవాలి. ఈ పందులు బెదిరితే దారి సరిగా మూసుకోదు, ఒళ్ళు కాగిపోతుంది. కోశాక మాంసం చల్లారకముందే అందులో ఆమ్లం పేరుకుంటుంది. మామూలుగా గంటల తరబడి జరగవలసిన మార్పు ముప్పావుగంటలో ముగుస్తుంది.

మొదట్లో పందిపిల్లలకు హాలోథేన్ అనే మత్తుమందు పీల్పించి, కాళ్ళు కొయ్యబారినవాటిని ఏరివేసేవారు. కాని తల్లినుంచో తండ్రినుంచో ఒకవైపే లోపం వచ్చిన పందులు ఈ పరీక్షకు చాలావరకు దొరకవు. చూడటానికి నిక్షేపంగా ఉంటాయి. అలాంటి రెండింటిని జతకలిపితే సగటున నాలుగు పిల్లల్లో ఒకదానికి జబ్బు తప్పదు. పైగా ఒకవైపు లోపమున్న పందికి కూడా కండ కొంచెం ఎక్కువే. అందుకే పెంపకందారులకు వదులుకోబుద్ధి కాలేదు.

1991లో కెనడాలోని టొరంటో శాస్త్రజ్ఞులు లోపాన్ని పట్టుకున్నారు. కాల్షియం దారిని నడిపే జన్యువులో మారినది ఒకే ఒక్క అక్షరం! అప్పటినుంచి కాస్త రక్తం తీసి పరీక్షిస్తే చాలు, దాగిన లోపం బయటపడుతుంది.

బెల్జియంలోని లీజ్ విశ్వవిద్యాలయంవారు పియెత్రాన్ పందిని లార్జి వైట్‌తో సంకరపరచి, తరతరానా మళ్ళీ పియెత్రాన్‌తోనే కలుపుతూ మంచి జన్యువును నిలిపారు. కండ దాదాపు అలాగే ఉంది, బెదురు తగ్గింది. తెలుగు జిల్లాల ఫారాలలో కనిపించే తెల్లని యార్క్‌షైర్ పంది ఈ లార్జి వైటే.

అయితే లోపం లేని పందినైనా మండుటెండలో తోలి, కర్రలతో బాది, రొప్పుతుండగానే కోస్తే మాంసం పాలిపోవచ్చు. కొన్ని గంటలు నీడన ఉంచి నీళ్ళు పెట్టి కోయడం మేలు.