పసికందు ఒంటిపై కమిలిన మచ్చ.. డాక్టర్ అన్ని ప్రశ్నలు ఎందుకు అడుగుతారు?

మంచం మీద నుంచి పడిందని మూడు నెలల పాపను ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఎప్పుడు పడింది, ఎంత ఎత్తు నుంచి, పక్కన ఎవరున్నారు అని డాక్టర్ గుచ్చి గుచ్చి అడుగుతుంటే మీకు చిరాకు రావచ్చు. కానీ ఆ ప్రశ్నల వెనుక కారణం ఉంది.

నడక నేర్చిన పిల్లలకు మోకాళ్లు, నుదురు కమలడం మామూలే. ఇంకా బోర్లా పడని పసికందుకు మాత్రం దానంతట అది దెబ్బ తగిలించుకునే అవకాశం చాలా తక్కువ. అమెరికా వైద్యురాలు మేరీ క్లైడ్ పియర్స్ బృందం 2010లో రూపొందించి, 2021లో విస్తరించిన గుర్తింపు పద్ధతి దీని మీదే నడుస్తుంది. నాలుగేళ్లలోపు పిల్లల్లో ఛాతీ, పొట్ట, వీపు, చెవి, మెడ, బుగ్గ, దవడ మూల, కనురెప్పల మీద కమిలితే అనుమానించాలి. నాలుగు నెలలు, అంతకంటే చిన్న పిల్లలకైతే ఒంటి మీద ఎక్కడ కమిలినా సరే. పై పెదవి లోపలి సన్నటి పొర చిరిగినా, వేళ్ల గుర్తులు, బెల్టు అచ్చు కనిపించినా అంతే.

చెప్పిన కథకు, గాయానికి పొంతన ఉందా అనేది మరో కీలకం. రెండు నెలల బిడ్డ తానే దొర్లి పడిందంటే డాక్టర్ నమ్మడం కష్టం. తల్లి ఒకటి, తండ్రి ఒకటి చెప్పినా, దెబ్బ తగిలిన రెండు రోజులకు తెచ్చినా అనుమానం పెరుగుతుంది.

అసలు చిక్కు పైకి ఏమీ కనిపించని గాయాలతోనే. బిడ్డను గట్టిగా కుదిపితే మెదడులో రక్తస్రావం కావొచ్చు. వాంతులు, మగత, ఫిట్స్ మాత్రమే బయటికి తెలుస్తాయి. అందుకే తలకు స్కాన్, కంటి లోపలి పొర పరీక్ష, రెండేళ్లలోపు వారికి ఒళ్లంతా ఎక్స్‌రేలు తీస్తారు. పక్కటెముకల పాత విరుగుళ్లు ఇలాగే బయటపడతాయి.

అలాగని ప్రతి మచ్చా దెబ్బ కాదు. మన పిల్లల్లో చాలామందికి పుట్టుకతోనే నడుము కింద నీలి మచ్చలుంటాయి, వాటిని మంగోలియన్ మచ్చలంటారు. రక్తం గడ్డకట్టని జబ్బు, ఎముకలు పెళుసుబారే జబ్బు ఉన్నాయేమో కూడా చూస్తారు. కామెర్లు తగ్గాలని పెట్టే వాతలు మాత్రం, ఉద్దేశం ఏదైనా, కాలిన గాయాలే.

అనుమానం బలపడితే ఆసుపత్రి మెడికో లీగల్ కేసుగా నమోదు చేసి పోలీసులకు తెలియజేస్తుంది. బిడ్డ రక్షణ విషయం బాలల సంక్షేమ కమిటీ చూస్తుంది. పిల్లలను చూసుకోవాల్సినవారే హింసిస్తే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 75 కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

ఆసుపత్రిలో కాన్పయితే 42 రోజుల్లో ఆరుసార్లు, ఇంట్లో అయితే ఏడుసార్లు ఆశా కార్యకర్త ఇంటికొస్తారు. ఇలాంటి గుర్తులు తొలుత ఆమె కంటపడే వీలుంది. పక్కింట్లో అనుమానం వస్తే మీరూ 1098కి ఫోన్ చేయొచ్చు. 24 గంటలూ ఉచితం.

ఏడుపు ఆపని బిడ్డతో మీకే ఓపిక నశిస్తోందా? పక్క మీద వెల్లకిలా, పడిపోకుండా పడుకోబెట్టి కొద్ది నిమిషాలు గది బయటికి రండి. ఇంట్లో మరొకరిని పిలవండి. బిడ్డను మాత్రం కుదపొద్దు.