పరాయి నగరంలో పోయిన వస్తువు

‘పోగొట్టుకున్న చోటనే వెదుక్కోవాలి’ అని మన పెద్దల సామెత. స్వగ్రామంలో ఈ మాట అక్షరాలా నిజం. బజారులో జారిపడిన సంచిని చూచినవారు అది ఫలానావారిదని పోల్చుకొని ఇంటికి పంపుతారు. కాని మనల్ని ఎరిగినవారు ఒక్కరైనా లేని మహానగరంలో ఈ సామెత సగమే పనికి వస్తుంది. అక్కడ వస్తువు పోయినచోట నిలిచి ఉండదు, ఒక దారిన సాగిపోతుంది. ఆ దారి తెలిసినవారికే అది తిరిగి చేతికందుతుంది. మన విద్యార్థులు పైచదువులకు, ఉద్యోగాలకు విదేశాలకు వెళ్తున్న ఈ రోజులలో ఈ విషయం తెలిసి ఉండడం అవసరమని భావించి, జపాను రాజధాని టోక్యోను ఉదాహరణగా తీసుకొని వివరించదలచినాము.

మా పూర్వవిద్యార్థి ఒకడు టోక్యో చేరిన రెండవ వారంలోనే చేతిసంచిని రైలులో మరచి దిగిపోయినాడు. పాస్‌పోర్టు, ఆ దేశపు నివాసకార్డు, పదవ తరగతి మొదలు డిగ్రీ వరకు గల అసలు పట్టాలు, నెల గడవడానికి దాచుకున్న పైకం అన్నీ అందులోనే ఉన్నవి. ఆ రైలు మళ్ళీ అదే దారిన వస్తుందేమోనన్న ఆశతో అతడు రెండు గంటలు ప్లాట్‌ఫారం మీదనే కూర్చున్నాడు. రైళ్ళు వచ్చినవి, పోయినవి. సంచి రాలేదు. పోగొట్టుకున్న చోటనే వెదకడం అంటే అదే.

చివరకు ఒక వృద్ధుడు అతని ముఖం చూచి, చేయి పట్టుకొని వీధి మలుపులోని ‘కోబాన్’కు తీసుకొని వెళ్ళినాడు. కోబాన్ అంటే ఇద్దరు ముగ్గురు పోలీసులు ఉండే చిన్న చౌకీ. టోక్యో పోలీసు శాఖ 1874లో ఏర్పడిన నాటినుండి ఈ పద్ధతి క్రమంగా పెరిగి, నేడు దేశమంతటా సుమారు 6,000 కోబాన్‌లు ఉన్నవి. దారి చెప్పడం ఎంతటి నిత్యకృత్యమో, దొరికిన వస్తువును పుచ్చుకొని రసీదు ఇవ్వడం కూడ వారికి అంతటి నిత్యకృత్యమే.

దీని వెనుక ఒక చట్టం ఉన్నది. 1899 నాటి పాతచట్టాన్ని 2006లో తిరగవ్రాసి, 2007 డిసెంబరు నుండి అమలులోకి తెచ్చినారు. వస్తువు దొరికినవారు ఏడు రోజులలోగా పోలీసులకు అప్పగించాలి. రైలు, దుకాణం వంటి చోట్ల దొరికితే 24 గంటలలోగా అక్కడి యాజమాన్యానికి ఇవ్వాలి. స్వంతదారు వస్తే, తెచ్చి ఇచ్చినవారికి వస్తువు విలువలో 5 నుండి 20 శాతం వరకు పారితోషికం కోరే హక్కు ఉన్నది. మూడు నెలలలో ఎవరూ రాకపోతే వస్తువు దొరికినవారికే చెందుతుంది. అయితే గుర్తింపుకార్డులు, సెల్‌ఫోన్లు వంటి, మనిషి వివరాలు గల వస్తువులకు ఈ చివరి నియమం వర్తించదు.

రైళ్ళలో దొరికినవి స్టేషనులో కొద్ది రోజులుంచి, తరువాత పోలీసులకు పంపుతారు. నగరమంతటి నుండి అట్టివి చేరే పెద్ద కేంద్రం ఈదబషి అనే చోట ఉన్నది. 2018లో టోక్యో పోలీసులకు చేరిన వస్తువులు 40 లక్షలకు పైమాటే. ఆ ఏడు సెల్‌ఫోన్లలో నూటికి ఎనభైకి పైగా స్వంతదారులకు తిరిగి చేరినవి. గొడుగులు మాత్రం మూడు లక్షలకు మించి పోగుపడినా, వాటికోసం వచ్చినవారు నూటికి ఒక్కరే. జపానీయుల నీతి గొప్పది గనుక ఇది సాధ్యమైనదని కొందరంటారు. అమెరికా న్యాయశాస్త్రాచార్యుడు మార్క్ వెస్ట్ 2003లో వెలువరించిన పరిశోధనలో, నీతి ఒక్కటే కారణం కాదనీ, చట్టంలోని పారితోషికం, శిక్ష, అందుబాటులోని చౌకీలు కూడ కారణమనీ వాదించినాడు. మాకు ఈ వాదం సమంజసంగా తోస్తున్నది. మంచితనానికి నడిచే దారి వేసినప్పుడే అది పదిమందికి ఉపయోగపడుతుంది.

కోబాన్‌లో మా విద్యార్థిని దుబాసీ ద్వారా ఫోనులో ప్రశ్నించినారు. ఏ రైలు, ఎటువైపు, ఎన్ని గంటలకు, ఎన్నవ పెట్టె, సంచి రంగేమిటి, లోపల ఏమేమి ఉన్నవి అని అడిగినారు. అతడు అన్నీ చెప్పి, చివర ఆకుపచ్చ గుడ్డలో చుట్టి నల్లదారంతో మూడు ముళ్ళు వేసిన చిన్న ఖురాను ఉన్నదనీ, ఆ ముళ్ళు అమ్మీ వేసినవనీ చెప్పినాడు. ఫిర్యాదు నెంబరు గల కాగితం చేతికిచ్చినారు. ఆరవ రోజున కబురు వచ్చింది. కేంద్రంలో అధికారి ఆ ముళ్ళను లెక్కపెట్టి చూచి సంచి అప్పగించినాడు. పైకంలో ఒక్క నాణెమైనా తగ్గలేదు. కిటికీ పక్కన తగిలించిన గొడుగు మాత్రం దొరకలేదు.

ఈ సంగతి విన్నప్పుడు మాకు ఫిఖహ్ గ్రంథాలలోని ‘లుఖతా’ ప్రకరణం గుర్తుకు వచ్చింది. దొరికిన వస్తువు ఏ సంచిలో ఉన్నదో, దానికి ఏ ముడి ఉన్నదో గుర్తుపెట్టుకొని, ఒక సంవత్సరం పాటు ప్రకటించి, ఆనవాళ్ళు సరిగా చెప్పినవానికి ఇవ్వాలని ప్రవక్తవారి (స.అ.స.) ఆదేశం. మన దేశంలో కూడ 1872 నాటి కాంట్రాక్టు చట్టం 71వ సెక్షను దొరికిన వస్తువును భద్రపరచే బాధ్యతను దొరికినవారిపైనే ఉంచింది. దానిని దురుద్దేశంతో స్వంతం చేసుకోవడం నేరమని 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షను చెప్తున్నది.

ఇక విదేశానికి వెళ్ళే విద్యార్థులు చేయవలసినవి కొన్ని ఉన్నవి. అసలు పట్టాలను వెంట త్రిప్పరాదు. జపానులో 16 ఏళ్ళు నిండిన విదేశీయులు నివాసకార్డును ఎల్లప్పుడు దగ్గర ఉంచుకోవాలి గనుక అది చాలు, పాస్‌పోర్టు గదిలో ఉండవచ్చును. అన్ని కాగితాల నకళ్ళు వేరొకచోటను, ఇంటివద్దను ఉంచాలి. వస్తువు పోయిన వెంటనే స్టేషనులోను, పోలీసుల వద్దను చెప్పి నెంబరు తీసుకోవాలి. నివాసకార్డు దొరకకపోతే, పోయినట్లు తెలిసిన 14 రోజులలో కొత్తదానికి దరఖాస్తు చేయాలి. పాస్‌పోర్టు పోతే పోలీసుల కాగితంతో భారత రాయబార కార్యాలయానికి వెళ్ళాలి. అత్యవసరంగా వారిచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్టు స్వదేశానికి ఒక్కసారి తిరిగిరావడానికే చెల్లుతుంది. ఇతర నగరాలకు వెళ్ళేవారు అక్కడి పద్ధతిని ముందే విచారించుకోవాలి. పారిస్‌లో ఇట్టి కార్యాలయం 1805 నుండి ఉన్నది. లండనులో బేకర్ వీధిలో 1933 నుండి నడిచిన కార్యాలయం 2019లో అక్కడినుండి తరలిపోయింది. పాత చిరునామా పట్టుకొని తిరిగితే ప్రయోజనం లేదు.

ఆ సంచిని రైలులో చూచి స్టేషనులో అప్పగించినది ఎవరని మా విద్యార్థి అడిగినాడు. వారు పారితోషికపు హక్కును వదులుకొని, పేరు తెలుపవద్దని వ్రాసి వెళ్ళినారట. కృతజ్ఞత చెప్పుకొనుటకు మనిషి లేడు. ‘సార్, ఈ అప్పు ఎవరికి తీర్చాలి?’ అని అతడు మాకు ఉత్తరం వ్రాసినాడు. మా జవాబు ఇది: నీకు దారిలో దొరికే తరువాతి వస్తువు ఎవరిదో, ఆ అప్పు వారిది. మన కళాశాల ఆవరణలో కలము, టిఫిను డబ్బా, పరీక్ష హాలుటిక్కెట్టు దొరికినప్పుడు, దానిని ఆఫీసులో అప్పగించే విద్యార్థి కూడ ఆ అప్పునే తీరుస్తున్నాడని మేము నమ్ముతున్నాము.