తామరాకు చూపే కొలువు

కట్టంగూర్‌లో ఉంటూ కెమిస్ట్రీతో డిగ్రీ చేస్తున్నారా? పాసయ్యాక హైవే ఎక్కి చౌటుప్పల్ ఫార్మా కంపెనీలకు వెళ్లడమొక్కటే దారి అనుకుంటున్నారా? అదే దారిలో హైదరాబాద్ దాకా వెళ్తే బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ ఉంది. సోలార్ ప్యానెళ్ల మీద దుమ్ము అంటుకోకుండా, నీటిని తరిమేసే పూతల మీద అక్కడ పరిశోధన జరిగింది.

ఏమిటీ పూత?

తామరాకు మీద నీటిబొట్టు నిలవదని మనకు తెలిసిందే. ఆకు మీద కంటికి కనిపించని బొడిపెలు, వాటిపై మైనం ఉంటాయి. బొట్టు కింద గాలి చిక్కుకుని, నీరు ముత్యంలా దొర్లిపోతుంది. ఇంటర్‌లో చదివిన స్పర్శకోణం 150 డిగ్రీలు దాటి, కాస్త వంచగానే బొట్టు జారిపోతే అది సూపర్ హైడ్రోఫోబిక్. ఫ్యాక్టరీలో సోల్-జెల్ పద్ధతిలో సన్నని సిలికా రేణువులు తయారుచేసి, సిలేన్ రసాయనంతో నీరు అంటని గుణం తెప్పిస్తారు. తర్వాత స్ప్రే చేసి, వేడిచేసి గట్టిపరుస్తారు.

అసలు చిక్కు

చేమాకు మీద బొట్టు వేసి, పక్క నుంచి ఫోన్‌తో ఫొటో తీయండి. కోణం కొలవండి. తర్వాత ఆకును వేలితో గట్టిగా రుద్ది మళ్లీ బొట్టు వేయండి. ఈసారి అంత తేలిగ్గా దొర్లదు. పరిశ్రమకున్న తలనొప్పి ఇదే! నీటిని తరమడం తేలికే, రాపిడికీ ఎండకూ ఆ గుణం నిలబెట్టడమే కష్టం. పైగా ఇలాంటి పూతల్లో వాడుతూ వచ్చిన ఫ్లోరిన్ రసాయనాల్లో కొన్ని ప్రకృతిలో విచ్ఛిన్నం కావు. వాటిలో ఒకటైన పీఎఫ్‌ఓఏను 2019లో స్టాక్‌హోమ్ ఒప్పందం నిషేధిత జాబితాలో చేర్చింది. వాటికి బదులు ఏం వాడాలో తేల్చేవాళ్లు కావాలి. ఆ పని మీరెందుకు చేయకూడదు?

ఎలా వెళ్లాలి?

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, బీటెక్ కెమికల్, మెటీరియల్స్ వాళ్లకు పరిశోధన వైపు దారి ఉంది. నెట్, గేట్ స్కోర్లు పనికొస్తాయి. బీఎస్సీతోనే త్వరగా ఉద్యోగంలో చేరాలంటే చర్లపల్లి సీపెట్‌లో పీజీ డిప్లొమా చూడండి.

ఒక్క మాట గుర్తుంచుకోండి. ‘సూపర్ హైడ్రోఫోబిక్’ పేరుతో ప్రకటనలు అరుదు. కోటింగ్స్, సర్ఫేస్ ఇంజినీరింగ్, టెక్స్‌టైల్ ఫినిషింగ్, పెయింట్ల క్వాలిటీ కంట్రోల్ అని వెతకండి. ఇంటర్వ్యూలో చేమాకు ఫొటోలు చూపించి, రుద్దాక కోణం ఎందుకు తగ్గిందో చెప్పండి. సర్టిఫికెట్ చెప్పని సంగతి అది చెబుతుంది.