తెరచాప పడవపై కంప్యూటరు



నేను సముద్రమునకు బహుదూరమున, మెరకభూముల నడుమ నున్న గరికపాట పుట్టినవాడను. చిన్ననాట పడవ యన్న, ముక్త్యాల రేవున కృష్ణపై నడచునదియే యెరుగుదును. అట్టివాడు తెరచాప పడవలో కంప్యూటరు నమర్చుటనుగూర్చి ప్రసంగింప బూనుట మీకు వింతగా దోచవచ్చును. పెద్దవాడనైన పిమ్మట కొంతకాలము విశాఖపట్టణమున చిన్న పడవలకు విద్యుత్పరికరములు బిగించు పనిలో నుంటిని. ఇప్పుడు మా యక్కగారి కుమారుడు మిత్రు లిద్దరితో కూడి, విశాఖనుండి అండమాను దీవులలోని పోర్టు బ్లెయిరునకు తెరచాపపై పోదలచి, దారి చూచుకొనుట కెట్టి కంప్యూటరు కొనవలెనని నన్నడిగినాడు. దూరము సుమారు 1,200 కిలోమీటర్లు. గాలి యనుకూలించిన ఆరేడు దినముల ప్రయాణము. మా యక్కగారు మాత్రము వేరొక ప్రశ్న వేసినది: “నడిసముద్రంలో కరెంటు ఎక్కడిదిరా తమ్ముడూ?” కుమారుని ప్రశ్నకంటె తల్లి ప్రశ్నయే ముందుగా తేలవలసినది.

తెరచాపతో సముద్రయానము మనవారికి క్రొత్తకాదు. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై రెండు స్తంభముల ఓడ ముద్రింపబడియున్నది. ఇటీవలి మాట చెప్పవలెనన్న, మన నౌకాదళపు ‘తారిణి’ని స్మరింపవలెను. సుమారు 55 అడుగుల ఆ పడవలో ఆరుగురు స్త్రీలు 2017 సెప్టెంబరు 10వ తేదీన గోవా విడిచి, భూప్రదక్షిణము చేసి, 254 దినములకు, 2018 మే 21వ తేదీన మరల గోవా చేరిరి. వారిలో విశాఖపట్టణపు పి. స్వాతిగారును, హైదరాబాదు బొడ్డపాటి ఐశ్వర్యగారును మన తెలుగు ఆడపడుచులు. ప్రయాణపు తుదిఘట్టమున చుక్కాని యంత్రాంగము చెడగా, వారు మారిషసు దీవిలోని పోర్టు లూయీ రేవు చేరి బాగుచేయించుకొనవలసి వచ్చినది. నౌకాదళమువారు సిద్ధపరచిన పడవయందే ఇట్లు జరుగగా, ముగ్గురు కుర్రవాండ్రు కొనుక్కొన్న పాత పడవ మాట చెప్పనేల!

కంప్యూటరు పడవను నడుపదు. మనమెచ్చట నున్నామో చెప్పుటయే దాని పని. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున తిరుగుచుండు జీపీయస్ ఉపగ్రహములు కాలమును తెలుపు సంకేతములను ఎడతెగక పంపుచుండును. కనీసము నాలుగింటి సంకేతములు అందినచో, అవి వచ్చుటకు పట్టిన కాలమునుబట్టి అగ్గిపెట్టెయంత యంత్రము మన స్థానమును కొలది మీటర్ల తేడాతో గుణించి చెప్పును. కంప్యూటరు ఆ స్థానమును సముద్రపటముపై చుక్కగా చూపును. లోతెంత, రాళ్ళెక్కడ, దీపస్తంభమెక్కడ అనునవి ఆ పటమున నుండును. ‘ఓపెన్ సీపీయన్’ అను ప్రోగ్రాము దీనికై ఉచితముగా దొరకును. పెద్ద ఓడల పేరును, దిక్కును, వేగమును తెలుపు ఏఐయస్ అను రేడియో పరికరమును జోడించిన, ఆ ఓడలును పటముపై కనబడును. కొండవంటి సరకు ఓడ రాత్రివేళ ఎదురుగా వచ్చుచున్నదని చిన్న పడవవానికి అరగంట ముందే తెలియుట సామాన్యమా!

ఇక అక్కగారి ప్రశ్న. గాలి ఊరకే వచ్చును, కరెంటు రాదు. మేనల్లుడు తన యింటి పెద్ద ల్యాప్‌టాప్‌నే కొనిపోవుదుననెను. అది 60 వాట్లు తినును. బ్యాటరీలోని 12 వోల్టులను ఇన్వర్టరు 230కి పెంచును. చార్జరు దానిని మరల 19కి దించును. గరికపాటినుండి జగ్గయ్యపేటకు పోవలసినవాడు విజయవాడ పోయి వచ్చినట్లు! ఈ ఎక్కుదిగుళ్ళలో వేడియై పోవునది కలుపుకొని 70 వాట్లు. రేయింబవళ్ళు నడిపిన, మన యింటి మీటరు లెక్కలో దినమునకు 1.68 యూనిట్లు. అతని పడవలోని 12 వోల్టుల, 100 ఆంపియరు గంటల బ్యాటరీ నిండుగ నున్నప్పుడు పట్టునది 1.2 యూనిట్లే. అదియైన నంతయు మనది కాదు. సీసపు బ్యాటరీని సగమునకు మించి పలుమారులు ఖాళీచేసిన త్వరలో చచ్చును. గాదెలో విత్తనపు గింజలవలె ఆ సగము ముట్టరానిది. మిగిలినది 0.6 యూనిట్టు. సాయంకాలము ఆరింటికి మొదలిడిన, తెల్లవారుజాము మూడు గంటలలోపల ముగియును. సరిగా కటిక చీకటిలో, కునుకు పట్టు వేళ!

ఇది వట్టి కాగితపు లెక్క కాదు. చాల ఏండ్ల క్రిందట నేనును మరి యిద్దరును భీమునిపట్టణమునుండి విశాఖకు రాత్రివేళ చిన్న తెరచాప పడవలో వచ్చుచుంటిమి. ఇన్వర్టరుపై ల్యాప్‌టాప్ పెట్టినవాడను నేనే. ఉన్న బ్యాటరీ ఒక్కటే. ఇన్వర్టరు కీచుమని ఆగెను, తెర నల్లబడెను, దీపము మసకబారెను, రేడియో పలుకలేదు. గాలియు సన్నగిల్లెను. ఇంజను త్రిప్పబోగా, దానికిని అదే బ్యాటరీ కావున, టక్కుమని ఊరకుండెను. చుట్టును జాలరుల వలలు. కంప్యూటరున్నదిగదా యని కాగితపు పటమును ఇంట వదలివచ్చినవాడను కూడ నేనే. చేతిలైటు వెలుగున దిక్సూచి చూచుకొనుచు, డాల్ఫిన్స్ నోసు కొండపై దీపస్తంభపు మెరపును గురిగా పట్టుకొని, ఒక జాలరి “ఇటు రాకండి, వలలున్నాయి!” అని కేకలు వేయుచు దారి చూపగా, ప్రొద్దెక్కిన పిమ్మట ఒడ్డు చేరితిమి.

కావున మేనల్లునికి నేను చెప్పినది, కంప్యూటరు వేగము గాక దాని ఆకలి చూడుమని. పటమున చుక్క చూపుటకు మహావేగ మక్కరలేదు. అరచేత ఇముడు ‘రాస్ప్‌బెర్రీ పై’ వంటి చిన్న కంప్యూటరు సుమారు 5 వాట్లతో పనిచేయును. దాని తెరకు 10 వాట్లు కావలెను గాని, గంటకు పది నిమిషములు వెలిగించిన చాలును. జీపీయస్‌కు ఒక వాటు. వెరసి దినమునకు 0.18 యూనిట్టు. బ్యాటరీనుండి నేరుగా 5 వోల్టులకు దించు చిన్న పరికరముండిన ఇన్వర్టరుతో పనియే లేదు. లోపల తిరుగుడు డిస్కు ఉండరాదు; అలల కుదుపునకు చెడును. ఫ్యాను ఉండరాదు, ఉప్పుగాలిని లోనికి పీల్చి తీగలను తుప్పుపట్టించును. తీగ మాట మరువరాదు. ట్రాన్స్‌ఫార్మరునకు దూరమున నున్న బోరు మోటారు వోల్టేజి చాలక మూలుగుట మీరెరుగనిది కాదు. 12 వోల్టుల యింట ఒక్క వోల్టు పోయినను పెద్ద నష్టమే. కావున తీగ లావుగా, కళాయిపూత గలదిగా నుండవలెను. బ్యాటరీ ప్రక్కనే ఫ్యూజు ఉండితీరవలెను. ఇంజనుకు వేరొక బ్యాటరీ. దానిని కంప్యూటరు ముట్టరాదు. చేతిఫోను చాలదా యని మిత్రుడొక డడిగెను. ఎండలో దాని తెర కానరాదు, వేడెక్కిన తానే ఆగిపోవును, తడి వ్రేళ్ళకు పలుకదు. రెండవ యంత్రముగా నుంచుకొనవచ్చును.

దీపములు, ఏఐయస్, రేడియో కలిపిన వారి దినవ్యయము యూనిట్టులో మూడవవంతు. ముగ్గురున్నారు గనుక చుక్కానిని వంతులవారీగా చేతితోనే పట్టుదురు. తానే నడుచు చుక్కాని యంత్రము పెట్టినచో ఈ లెక్క తలక్రిందులగును. నూరు వాట్ల సూర్యపలక మంచి యెండలో 0.3 యూనిట్టు వరకు ఇయ్యగలదు గాని, తెరచాప నీడ ఒక మూల పడినను ఆ రాబడి తెగ పడిపోవును. అందుచే రెండు పలకలు, పడవకు ఇరుప్రక్కల ఒక్కొక్కటి. మబ్బు పట్టిన నిలువ ఒకటిన్నర దినము వచ్చును; ఆపైన ఇంజను త్రిప్పి నింపుకొనవలసినదే. లిథియము బ్యాటరీ మేలైనదే, ముప్పాతికకు మించి వాడుకొనవచ్చును. వారి సంచికి అందలేదు.

ఇంతయు అమర్చిన పిమ్మటను కాగితపు పటము, దిక్సూచి పడవలో నుండవలెనని పట్టుబట్టితిని. మేనల్లుడు నవ్వెను. నౌకాదళపు మాజీ అధికారి అభిలాష్ టామీగారు కంప్యూటరు నిషిద్ధమైన గోల్డెన్ గ్లోబు పందెమున, కాగితపు పటములతోను సూర్యనక్షత్రముల కొలతతోను ఒంటరిగా భూమిని చుట్టి, 2023 ఏప్రిలులో రెండవవారుగా నిలిచిరని చెప్పగా నవ్వు మానెను. గంటకొకమారు స్థానమును పుస్తకమున వ్రాయుదునని మాట యిచ్చినాడు.

పిడుగుల మాట కూడ వచ్చినది. ఉరుములు మొదలైనంతనే, రెండవ జీపీయస్‌ను లోహపు పాత్రలో మూసియుంచు వాడుక పడవవారిలో కలదు. ఫిబ్రవరిలో ప్రయాణము. మా యక్కగారు మొన్ననే పెద్ద ప్రెషరు కుక్కరొకటి కొని పంపినది. అన్నము వండుకొనుటకనియే ఆమె తలంపు.